పేతురు రెండుసార్లే బొంకి ఊరుకుంటే?

సండేస్కూల్_టీచర్ | ఆదివారం, రాత్రి 9:20

అందరికీ వందనాలు. గాజువాక వైపు ఒక చిన్న సంఘంలో పదకొండేళ్లుగా సండేస్కూల్ చెబుతున్నాను. ఈ రోజు జరిగింది ఎవరికైనా చెప్పుకోకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

పాఠం బైబిల్లో లూకా 22. యేసయ్య శిష్యుడు పేతురు ప్రధాన యాజకుని ఇంటి ముంగిట్లో మంట దగ్గర కూర్చోవడం, పనిపిల్ల గుర్తుపట్టడం, మూడుసార్లు "నేనెరుగను" అనడం, కోడి కూయడం. ఎప్పటిలాగే చెప్పుకుంటూ పోతున్నాను. చాప చివర కూర్చునే ఆరో తరగతి పిల్ల చెయ్యెత్తింది.

"టీచర్, పేతురు రెండుసార్లు బొంకి, మూడోసారి నోరు మూసుకుని ఇంటికెళ్లిపోతే ఏమయ్యేది?"

"వెళ్లడమ్మా, కోడి కూసేలోపు మూడుసార్లు ఎరుగనంటావని యేసయ్య ముందే చెప్పారు కదా" అన్నాను.

"అదే టీచర్. ఆయన చెప్పేశారు కాబట్టి ఇంక పేతురు వెళ్లడానికి లేదు. వెళ్తే ఆయన మాట తప్పైపోద్ది. మరి బొంకడం పేతురు తప్పెలా అవుద్ది?"

నాకు ఏం చెప్పాలో తోచలేదు. "దేవుని సంగతుల్లో అలాంటివి అడగకూడదమ్మా" అనేసి, కోడి బొమ్మ కాగితాలు పంచి రంగులు వేసుకోమన్నాను. మిగతా పిల్లలందరూ ఎర్ర రంగు కోసం కొట్టుకుంటుంటే, ఆ పిల్ల తన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి బైబిల్లో దాచుకుంది. రంగు వేయలేదు. ప్రార్థన అయ్యాక రోజూ "వందనాలు టీచర్" అని చేయి పట్టుకునే పిల్ల, ఈ రోజు నా వైపు చూడకుండా వెళ్లిపోయింది.

వచ్చే ఆదివారం ఆ పిల్లకు జవాబు చెప్పాలి. దయచేసి ఆరో తరగతి పిల్లకు అర్థమయ్యేలా చెప్పండి.

జాలరిపేట_అల | ఆదివారం, రాత్రి 10:05

టీచర్ గారూ, 2014 అక్టోబర్ 12 గుర్తుందా? అది కూడా ఆదివారమే. హుద్‌హుద్ తుఫాను మన మీదికే వస్తోందని కొన్ని రోజుల ముందు నుంచే హెచ్చరికలు. మా నాన్న, చిన్నాన్నలు వలలు మేడ మీదికి చేర్చారు, బోటుకి మామూలుగా వేసే దానికి రెట్టింపు తాళ్లు వేశారు. చెప్పిన రోజున, చెప్పిన చోటే తుఫాను తీరం దాటింది. కైలాసగిరి మీద పచ్చగా ఉన్నదంతా మర్నాటికి మోడు అయిపోయింది.

వాతావరణ శాఖ వాళ్లు ముందే చెప్పారు కాబట్టే తుఫాను వచ్చిందని మా పేటలో ఒక్కరూ అనలేదు. తెలియడం వేరు, తేవడం వేరు. పాపకి ఇదొక్కటి చెబితే చాలనుకుంటాను.

నైట్‌షిఫ్ట్ | ఆదివారం, రాత్రి 11:40

అన్నా, పోలిక వినడానికి బాగుంది గానీ ఆ పిల్ల ప్రశ్న దగ్గర ఇది నిలబడదు.

వాతావరణ శాఖ అంచనా తప్పొచ్చు. తుఫాను దారి మార్చుకుంటే వాళ్లు ఇంకో బులెటిన్ ఇస్తారు, అంతటితో అయిపోతుంది. దేవుడి మాట తప్పడానికి వీల్లేదు. పైగా గాలిని వాతావరణ శాఖ పుట్టించలేదు. పేతురును పుట్టించింది దేవుడే, ఆ భయం ఉన్న గుండెను ఇచ్చిందీ ఆయనే, ఆ రాత్రి అక్కడ ఆ పనిపిల్ల ఉండేలా చూసిందీ ఆయనే. తెలిసి చేసినవాడికీ, దూరం నుంచి చూసి చెప్పినవాడికీ తేడా లేదంటారా?

నేను పుట్టింది విశ్వాసుల ఇంట్లోనే. ఇప్పుడు గుడికి వెళ్లడం లేదు. మా ఇంట్లో ఒక బిడ్డ పుట్టకుండానే పోయినప్పుడు, పరామర్శకు వచ్చిన ప్రతివాళ్లూ "దేవుని చిత్తం, ఆయనకు ముందే తెలుసు" అన్నారు. తెలిస్తే ఎందుకు ఇచ్చాడు అని అడిగితే, టీచర్ గారు ఆ పిల్లతో అన్న మాటే నాతోనూ అన్నారు. అందుకే రాస్తున్నాను. ఆ పిల్లను పోనివ్వకండి.

రాస్‌హిల్_మెట్లు | సోమవారం, ఉదయం 6:15

నైట్‌షిఫ్ట్ బాబూ, నీ మాట చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను. నీకు జవాబు చెప్పేంతవాణ్ని కాదు. పాప ప్రశ్న గురించి మాత్రం మా వైపు పెద్దలు ఆలోచించిన దారి ఒకటి చెబుతాను. మేం ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్) వాళ్లం. నేను పోర్టులో చేసి రిటైరయ్యాను.

రాస్ హిల్ మీద మరియమాత గుడి ముందు నిలబడితే కింద ఓడలు వచ్చే కాలువ కనిపిస్తుంది. ఒక ఓడ లోపలికి వస్తూ ఉంటుంది. ఇంకోటి దూరంగా సముద్రంలో లంగరు వేసుకుని తన వంతు కోసం ఆగి ఉంటుంది. కింద కాలువ ఒడ్డున నిలబడ్డవాడికి ఒక ఓడ వెళ్లాక గానీ రెండోది కనపడదు. వాడికి అది "తర్వాత రాబోయేది". కొండ మీద ఉన్నవాడికి రెండూ ఒకే చూపులో ఉన్నాయి. చూస్తున్నాడు కదా అని చుక్కాని తిప్పేది అతను కాదు.

13వ శతాబ్దంలో మా కాథలిక్ పండితుడు తోమా అక్వీనా ఇచ్చిన పోలిక ఇలాంటిదే. దారిన పోయేవాడికి వెనక వచ్చేవాళ్లు కనపడరు, ఎత్తు మీంచి చూసేవాడికి అందరూ కనపడతారు. ఆయనకు ముందే బొయెతియస్ ఈ సంగతి రాశాడు. పెద్ద పదవిలో ఉండి, రాజద్రోహం నింద పడి, సుమారు 524లో మరణశిక్ష కోసం ఎదురుచూస్తూ జైల్లో కూర్చుని రాసిన మాటలవి. దేవుడిది ముందుచూపు కాదు, ఉన్నదాన్ని ఉన్నట్టు చూడటమే, ఆయనకు నిన్నా రేపూ లేవు అంటాడు. చావు రోజు దగ్గరపడుతుంటే మనిషి ఈ ప్రశ్న గురించే ఆలోచించాడంటే, ఇది ఊరికే పొద్దుపోక అడిగే ప్రశ్న కాదని నాకు అనిపిస్తుంది.

మధురవాడ_ఐటీ | సోమవారం, మధ్యాహ్నం 1:30

ప్రైజ్ ద లార్డ్. అంకుల్ చెప్పిన కొండ పోలికలో దేవుడు ఊరికే చూస్తూ కూర్చునేవాడు అవుతాడు. బైబిల్ అలా చెప్పదు. అపొస్తలుల కార్యములు 2:23 చూడండి. "దేవుడు నిశ్చయించిన సంకల్పమును ఆయన భవిష్యద్ జ్ఞానమును అనుసరించి" యేసు అప్పగింపబడ్డాడు. సంకల్పం ముందు వచ్చింది, జ్ఞానం తర్వాత. అదే వచనంలో పేతురు "మీరు దుష్టులచేత సిలువ వేయించి చంపితిరి" అని ఆ మనుషుల్ని నిలదీస్తున్నాడు కూడా. పేతురుకు రెండూ ఒకే నోట చెప్పడానికి ఇబ్బంది అనిపించలేదు.

యోసేపు అన్నలూ అంతే. తమ్ముణ్ని అమ్మేసి వాళ్లు కీడు తలపెట్టారు, దేవుడు దాన్నే మేలుకు తలపెట్టాడు (ఆదికాండము 50:20). ఒకే పని, ఇద్దరి ఉద్దేశాలు.

స్వేచ్ఛ అంటే ఏమిటో ముందు తేల్చుకోవాలి. పేతురు ఆ రాత్రి తనకు కావలసిందే చేశాడు. ప్రాణం కావాలనుకున్నాడు, అబద్ధం ఆడాడు. ఎవరూ గొంతు మీద కత్తి పెట్టి ఆడించలేదు. మనసుకు నచ్చింది చేయడమే స్వేచ్ఛ అయితే పేతురు స్వేచ్ఛగానే బొంకాడు, దేవుని సంకల్పమూ చెడలేదు. 1525లో ప్రొటెస్టంటు ఉద్యమం మొదలుపెట్టిన లూథర్, ఎరాస్మస్ అనే పండితుడితో వాదించినప్పుడు మన చిత్తమే పాపానికి బానిస అన్నాడు. 1618, 1619లో ప్రొటెస్టంటు పెద్దలు కూర్చున్న డోర్ట్ సభ తేల్చిన సంగతి కూడా ఇదే కోవలోది.

ఇది నాకు పుస్తకాల్లో చదువుకున్న మాట మాత్రమే కాదు. మా నాన్న ఐసీయూలో ఉన్న పంతొమ్మిది రోజులు, ఏదీ దేవుని చెయ్యి దాటి జరగడం లేదన్న నమ్మకం ఒక్కటే నన్ను నిలబెట్టింది.

పెందుర్తి_ప్రార్థన | సోమవారం, సాయంత్రం 4:10

తమ్ముడూ, అంతా ముందే నిర్ణయమైపోతే మేం శుక్రవారం ఉపవాసం ఉండి గొంతు పోయేలా ప్రార్థన చేసేది ఎందుకు? జబ్బుపడ్డ హిజ్కియా రాజుతో "నీవు మరణమవుచున్నావు" అని యెషయా ప్రవక్త చెప్పాడు. హిజ్కియా గోడ వైపు తిరిగి ఏడ్చాడు. యెషయా ఇంకా నగరు ఆవరణ దాటకముందే దేవుడు వెనక్కి పంపాడు, 15 ఏళ్లు పెంచాడు. నీనెవె పట్టణానికి నలభై రోజులే గడువన్నాడు, వాళ్లు గోనెపట్టలు కట్టుకుంటే ఊరు నిలిచింది. చెప్పిన మాట కూడా మారింది కదా!

మధురవాడ_ఐటీ | సోమవారం, సాయంత్రం 5:00

అక్కా, హిజ్కియా ఏడుస్తాడని కూడా ఆయనకు తెలుసు. ఆ కన్నీళ్లు కూడా ఆయన ఏర్పాటులోవే. మనం అడగక మునుపే మనకేం కావాలో తండ్రికి తెలుసని మత్తయి 6:8 చెబుతుంది, ఆ వెంటనే "ఇలా ప్రార్థన చేయండి" అని నేర్పుతుంది. తెలుసు కాబట్టి అడగొద్దు అనలేదు.

పెందుర్తి_ప్రార్థన | సోమవారం, సాయంత్రం 5:20

అది ఒప్పుకుంటాను. కానీ ఏడ్చేది హిజ్కియానే. వాడి చేత ఏడిపించడం కాదు.

లాజిక్_మాస్టారు | సోమవారం, రాత్రి 8:45

ఆంధ్రా యూనివర్సిటీలో తత్వశాస్త్రం చదువుకుని, ఊళ్లో పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ని. టీచరమ్మా, మీ విద్యార్థిని అడిగింది పెద్దవాళ్లు కూడా చిక్కుకుపోయే చోటు. ముందుగా ఆ చిక్కు ఎక్కడుందో చూద్దాం.

"దేవుడికి తెలిస్తే అది తప్పక జరుగుతుంది." ఈ వాక్యంలో "తప్పక" అనే మాట దేన్ని పట్టుకుని ఉంది? మీరు కుర్చీలో కూర్చుని ఉండగా నేను కిటికీలోంచి చూశాను. నేను చూసింది నిజమైతే మీరు తప్పక కూర్చునే ఉంటారు. ఇక్కడ "తప్పక" అన్నది నా చూపుకీ మీరు కూర్చోవడానికీ ఉన్న ముడి. మీరు కుర్చీకి అతుక్కుపోయారని దాని అర్థం కాదు. లేచి ఉంటే, నేను లేచిన మిమ్మల్నే చూసి ఉండేవాణ్ని. పేతురు రెండోసారి తర్వాత ఇంటికి వెళ్లిపోయే మనిషైతే, యేసు ఆ సాయంత్రం "ముమ్మారు" అని చెప్పి ఉండేవాడు కాదు, "రెండుమార్లు" అనేవాడు. మాట పనిని లాక్కురాలేదు. పనిని బట్టే మాట వచ్చింది.

3వ శతాబ్దంలో ఓరిగెను అనే క్రైస్తవ పండితుడు ఇదే అన్నాడు, తెలిసింది కాబట్టి జరగదు, జరుగుతుంది కాబట్టి తెలుస్తుందని. ఆ తర్వాత వచ్చిన అగస్తీను అనే క్రైస్తవ గురువు ఇంకా తేలిక పోలిక ఇచ్చాడు. నిన్న జరిగింది మీకు జ్ఞాపకం ఉంది. మీ జ్ఞాపకం నిన్నటిని బలవంతపెట్టిందా? లేదు. అలాగే ఆయన ఎరుక రేపటిని బలవంతపెట్టదు. పాపకు ఇది చెప్పొచ్చు.

అయితే నా మనసుకు తృప్తి లేని చోటు ఒకటుంది, దాచను. రాస్‌హిల్ గారి కొండ మీది మనిషి పైనే ఉండి మౌనంగా చూస్తున్నాడు. యేసు అలా కాదు, కిందికి దిగి, కాలువ ఒడ్డున నిలబడి, పేతురు చెవిలో చెప్పాడు. సాయంత్రం భోజనం బల్ల దగ్గర ఆ మాట పలికాక అది గతం అయిపోయింది. గతాన్ని ఎవరూ మార్చలేరు. మరి ఆ గతంతో ముడిపడ్డ రాత్రి మాత్రం పేతురు చేతిలో ఎలా ఉంటుంది? 14వ శతాబ్దంలో ఓక్హాము విలియం అనే తత్వవేత్త దీనికి జవాబు వెతికాడు. కొన్ని గతాలు పూర్తిగా గతం కావు, రేపటి మీద ఆధారపడి ఉంటాయి అన్నాడు. "ఇంకో పది గంటల్లో కోడి కూస్తుంది" అని మీరు ఇప్పుడు అంటే, ఆ మాట నిజమా కాదా అన్నది కోడి కూసే దాకా తేలదు కదా. నాకు ఆ జవాబు సగమే నచ్చుతుంది.

నైట్‌షిఫ్ట్ | సోమవారం, రాత్రి 11:55

మాస్టారూ, ఆ తృప్తి లేదన్న మాట రాసినందుకు థాంక్స్. నాతో ఇంతవరకూ ఎవరూ అలా ఒప్పుకోలేదు.

పేతురు సంగతి సరే, అతను చివరికి బాగుపడ్డాడు. యేసును పట్టించిన యూదా? "ఆ మనుష్యుడు పుట్టియుండనియెడల వానికి మేలు" అన్నాడు యేసే. పుడితే మేలు కాదని తెలిసి ఎందుకు పుట్టించినట్టు?

రాస్‌హిల్_మెట్లు | మంగళవారం, ఉదయం 7:00

దీని మీద మా వాళ్లు చేసినంత యుద్ధం ఇంకెవరూ చేయలేదు బాబూ. లూయిస్ ద మొలీనా అనే జెస్యూట్ (మా కాథలిక్ సభల్లో ఒకటి) గురువు 1588లో ఒక పుస్తకం వేశాడు. ఏం జరుగుతుందో మాత్రమే కాదు, ఎవరిని ఏ పరిస్థితిలో పెడితే వాళ్లు తమ ఇష్టంతో ఏం చేస్తారో కూడా దేవుడికి తెలుసు అన్నాడు.

1 సమూయేలు 23లో సౌలు రాజు తరుముతుంటే దావీదు కెయీలా అనే ఊళ్లో ఉన్నప్పుడు, సౌలు వస్తాడా, ఈ ఊరివాళ్లు నన్ను అప్పగిస్తారా అని అడుగుతాడు. వస్తాడు, అప్పగిస్తారు అంటాడు దేవుడు. దావీదు అక్కడి నుంచి తప్పించుకున్నాడు. సౌలు రానూ లేదు, వాళ్లు అప్పగించనూ లేదు. జరగనిది కూడా దేవుడికి తెలుసు! టీచరమ్మా, ఈ కథ పాపకు తప్పక చెప్పండి. ముందే తెలిసిన సంగతి ఇక్కడ దావీదు కాళ్లకు సంకెల అవలేదు, తప్పించుకునే దారి చూపింది.

డొమినికన్ అనే ఇంకో సభ గురువులు మొలీనా మాట ఒప్పుకోలేదు. రోమ్‌లో 1598లో దీని మీద విచారణ మొదలైంది. 1607లో పోపు ఐదవ పౌలు ఎటూ తీర్పు చెప్పకుండానే ముగించారు, ఒకర్నొకరు మతభ్రష్టులని తిట్టుకోవద్దని చెప్పి పంపేశారు. తొమ్మిదేళ్లు కూర్చున్న పెద్దలకే తెగలేదు. ఆరో తరగతి పిల్ల అడగడం ఎలా తప్పవుతుంది?

యూదా గురించి మాత్రం నా దగ్గర జవాబు లేదు నాయనా. పవిత్ర శుక్రవారం నాడు శ్రమల పాఠం చదువుతుంటే ప్రతి ఏడూ అక్కడే నా గొంతు ఆగిపోతుంది.

సింహాచలం_సంపెంగ | మంగళవారం, ఉదయం 10:30

నేను క్రైస్తవురాలిని కాదు, రెండు రోజులుగా చదువుతున్నాను. మా ఇంట్లో ఏం జరిగినా అమ్మ "నుదుటి రాత" అంటుంది. మీరు చెప్పేది అదేనా, వేరా? మాలో కూడా పాత కర్మ ఫలం అనుభవించక తప్పదని ఒక పక్క, మనిషి ప్రయత్నం మనిషి చేయాలని ఇంకో పక్క చెబుతారు. చిక్కు మీ ఒక్కరిదే కాదు.

అసలు నేను రాయాలనుకున్నది వేరే. చిన్నప్పుడు నేను ఏ పని చెడగొట్టినా మా నాన్న ఒకే మాట అనేవారు. "నువ్వు ఇలాగే చేస్తావని నాకు ముందే తెలుసు." తిడితే నాకు అంత బాధ ఉండేది కాదు. ఆ మాటకు మాత్రం ఇంక నేను ఏం చేసినా లాభం లేదనిపించేది. ఆ పాప ఇంట్లో ఎవరైనా ఆ మాట అంటుంటారేమో, ఒకసారి కనుక్కున్నారా టీచర్ గారూ?

సండేస్కూల్_టీచర్ | మంగళవారం, రాత్రి 10:10

సంపెంగ గారూ, మీ పోస్టు బస్సులో చదివాను. ఎన్‌ఏడీ దగ్గర దిగాల్సినదాన్ని రెండు స్టాపులు దాటి దిగాను.

ఈ సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. ఆ ఇంటి సంగతి ఇక్కడ ఎక్కువ రాయను. అన్నయ్య ఇంటర్‌లో ఒక సబ్జెక్టు పోయి ఇంట్లో ఉన్నాడు. నేను కూర్చుని టీ తాగుతున్న పావుగంటలో ఆ తండ్రి "వీడు పాసవడని నాకు ముందే తెలుసండీ" అని రెండుసార్లు అన్నారు. చెడ్డమనిషి కాదు, కొడుకు కోసం అప్పు చేసి ఫీజు కట్టినవాడు. పిల్లవాడు తల దించుకుని సెల్‌ఫోన్ చూసుకుంటున్నాడు. చెల్లెలు గుమ్మం దగ్గర నిలబడి, ఆ మాట వచ్చినప్పుడల్లా నా మొహం వైపు చూసింది.

అది ప్రశ్న అని నాకు అప్పుడు అర్థమైంది. యేసయ్య కూడా అలాంటి "ముందే తెలుసు" అనే మనిషేనా అని ఆ పిల్ల నన్ను అడిగింది. నేను అడగకూడదు అన్నాను.

నైట్‌షిఫ్ట్ | బుధవారం, తెల్లవారుజాము 3:30

షిఫ్టు మధ్యలో చదివాను. నా దగ్గరికి వచ్చిన వాళ్లు అన్నదీ ఆ మాటే. ఆయనకు తెలుసు అనే మాటతో అక్కడికి తలుపు మూసేశారు.

లాజిక్_మాస్టారు | బుధవారం, ఉదయం 9:15

రాత్రంతా ఆలోచిస్తూ తెలుగు బైబిల్ ముందు పెట్టుకున్నాను. 1805లో లండన్ మిషన్ వాళ్లు వచ్చి సువార్తల్ని తెలుగులోకి దించే పని మొదలుపెట్టింది మన విశాఖలోనే. ఆ తర్వాత ఎన్ని చేతులు మారి ఇప్పటి అనువాదం వచ్చిందో గానీ, అందులో ఒక మాట నన్ను పట్టుకుంది.

పేతురు మంట దగ్గర అన్న మాట ఏమిటి? "ఎరుగను." రోమా 8:29లో "దేవుడెవరిని ముందు ఎరిగెనో". ఒకే క్రియ. "తెలుసు" అంటే సంగతి తెలియడం కూడా కావొచ్చు. "ఎరుగుదును" అంటే మనిషితో పరిచయం. పేతురు యేసు గురించి సమాచారం లేదనలేదు, ఆ మనిషితో నాకు సంబంధం లేదన్నాడు. అలాంటప్పుడు దేవుడు "ముందు ఎరగడం" అంటే రేపటి వార్తలు ముందే చదివేసినట్టు కాదు, మనిషిని ముందే తనవాడనుకోవడం. మధురవాడ అబ్బాయి చెప్పే సిద్ధాంతంలో కూడా ఈ ముక్క ఉందని నాకు తెలుసు. అంతవరకూ అతనితో నేను కలుస్తాను.

ఇంక యోహాను 21 చూడండి. మళ్లీ నిప్పులు, ఈసారి ఒడ్డున, వాటి మీద చేపలు. "నన్ను ప్రేమించుచున్నావా" అని మూడుసార్లు అడిగాడు. మూడోసారికి పేతురు నొచ్చుకుని ఏమన్నాడు? "ప్రభువా, నీవు సమస్తము ఎరిగినవాడవు." నీకు ముందే తెలుసు కాబట్టి తప్పు నాది కాదు అనడానికి మనుషులందరిలోనూ ఎక్కువ వీలున్నవాడు పేతురే. ఆ ఎరుకనే అతను సాకుగా కాదు, సాక్షిగా పిలుచుకున్నాడు. నా ప్రేమ నాకే నమ్మకంగా లేదు, నీకు తెలుసు, నువ్వే చెప్పు అన్నట్టు. నలభై ఏళ్లు ఈ సమస్యను బోర్డు మీద రాసి పిల్లలకు చెప్పాను. ఈ వచనం చదివి ఉండీ దాన్ని ఇటు పక్క నుంచి ఎప్పుడూ చూడలేదు.

జాలరిపేట_అల | బుధవారం, మధ్యాహ్నం 12:40

మా పేటలో ముసలమ్మలు "ఆణ్ని పుట్టినప్పట్నుంచీ ఎరుగుదును" అంటే, ఆడు ఏం చేసొచ్చినా అన్నం పెడతామని.

మధురవాడ_ఐటీ | బుధవారం, రాత్రి 9:00

మాస్టారూ, దేవుని సంకల్పం గురించి నేను రాసినదాంట్లోంచి ఒక్క అక్షరం వెనక్కి తీసుకోను. కానీ నైట్‌షిఫ్ట్ అన్నకు మొదటి రోజే వేరేలా రాసి ఉండాల్సింది. నా నాన్న ఇంటికి తిరిగొచ్చారు. వాళ్ల బిడ్డ రాలేదు. చనిపోయిన లాజరును లేపబోతున్నానని యేసుకు తెలుసు, అయినా సమాధి దగ్గరికి వెళ్లేముందు ఏడ్చాడు. "ఎలాగూ తెలుసు" అని కళ్లు తుడుచుకోమనలేదు.

సండేస్కూల్_టీచర్ | ఆదివారం, మధ్యాహ్నం 2:15

ఇప్పుడే గుడి నుంచి వచ్చాను.

ముందు పిల్లలందరి ఎదుట, పోయిన వారం "అడగకూడదు" అనడం నా తప్పని చెప్పాను. తర్వాత మాస్టారి కుర్చీ చూపించాను, నిజం కుర్చీయే, ఒక పిల్లాణ్ని కూర్చోబెట్టి మిగతావాళ్లను కిటికీ బయటికి పంపి. దావీదు, కెయీలా కథ చెప్పాను. వాడు పారిపోయాడని మగపిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ పిల్ల అన్నీ విన్నది గానీ మొహంలో ఏమీ కనపడలేదు.

అప్పుడు లూకా 22 మళ్లీ తీయించి 31వ వచనం నుంచి ఆ పిల్ల చేతే చదివించాను. కోడి మాట 34లో ఉంది. దానికి ముందు 32లో ఏముందో ఇన్నేళ్లలో నేను ఎప్పుడూ ఆగి చూసుకోలేదు. "నీ నమ్మిక తప్పిపోకుండునట్లు నేను నీకొరకు వేడుకొంటిని, నీ మనసు తిరిగిన తరువాత నీ సహోదరులను స్థిరపరచుము." బొంకుతావని చెప్పకముందే, నీకోసం ప్రార్థన చేశాను అన్నారు. తిరిగొస్తావని కూడా చెప్పారు, వచ్చాక చేయాల్సిన పని కూడా అప్పజెప్పారు.

"నీ ప్రశ్నకు పూర్తి జవాబు నాకు తెలీదమ్మా" అన్నాను. "కానీ ఈయన ముందే తెలుసు అని, తర్వాత వచ్చి దెప్పిపొడిచే మనిషి కాదు. పేతురు తప్పు చేశాక ప్రభువు తిరిగి చూశాడు అని 61లో ఉంది, ఒక్క మాట కూడా అనలేదు."

ఆ పిల్ల చాలాసేపు ఆ పేజీ మీదే వేలు పెట్టుకుని ఉంది. ఏమీ అనలేదు. పిల్లలందరూ వెళ్లాక నా దగ్గరికి వచ్చి, నాలుగు మడతల కోడి కాగితం నా చేతిలో పెట్టింది. ఇంకా రంగు వేయలేదు. వెనకాల పెన్సిల్‌తో రాసి ఉంది.

"31లో మిమ్మును అని అందర్నీ అన్నారు. 32లో నీకొరకు అని పేతురు ఒక్కణ్నే అన్నారు. యూదా కూడా బల్ల దగ్గరే ఉన్నాడు కదా టీచర్. యూదా కోసం కూడా వేడుకున్నారా?"

నేను చదివి, "నాకు తెలీదు, వచ్చే వారం ఇద్దరం చూద్దాం" అన్నాను. "సరే టీచర్, వందనాలు" అని చేయి పట్టుకుంది. వాళ్ల అన్నయ్య గేటు బయట సైకిల్ పట్టుకుని నిలబడి ఉన్నాడు.

దయచేసి ఎవరైనా చెప్పండి, దీనికి ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

నైట్‌షిఫ్ట్ | ఆదివారం, రాత్రి 9:30

యోహాను 17:12 చూస్తారు మీరు. యూదాను నాశన పుత్రుడు అన్న ఆ వచనం చాలా బరువైనది, దాంతో మొదలుపెట్టకండి. ముందు 13వ అధ్యాయం తీయండి. కాళ్లు కడిగేటప్పటికి యూదా ఇంకా లేచి వెళ్లలేదు. అక్కడి నుంచి 30వ వచనం దాకా పాప చేతే చదివించండి. డ్యూటీకి వెళ్తున్నాను, పొద్దున వచ్చి మిగతాది రాస్తాను.